ఎదుటివాడు ఎత్తుకు ఎత్తు కాపీ కొడితే డ్రానేనా?

ప్రశ్న: మా బాబుకి 12 ఏళ్లు. చెస్‌లో తెల్లపావులొస్తే ఎప్పుడూ ఇంగ్లిష్ ఓపెనింగే (మొదటి ఎత్తుగా సి4కి బంటుని తోయడం) ఆడతాడు. మొన్న టోర్నీలో వీడు సి4 (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస) అంటే అవతలి అబ్బాయి సి5, జి3కి జి6, ఇలా 10 ఎత్తులదాకా కాపీ కొట్టాడు, ఆట డ్రా అయింది. దీన్ని మాన్పించి ఈ4 (రాజు ముందు బంటుతో మొదలుపెట్టడం) నేర్పించమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మాన్పించకండి! బోర్డు అద్దంలా కనిపించినా తెలుపు ఎప్పుడూ ఒక ఎత్తు ముందే ఉంటుంది, అది ఎక్కడ పనికొస్తుందో బాబుకి తెలియాలి, అంతే.

బోర్డు తీసి ఇద్దరూ పెట్టి చూడండి. గుర్రాలు సి3, సి6లో, బిషప్‌లు జి2, జి7లో ఉన్నాయి. తెలుపు ఏ3, నలుపు ఏ6. ఏనుగులు బి1, బి8కి. ఇప్పుడు బి4 తోస్తే నలుపు సి బంటుతో కొడుతుంది, మనం ఏ3 బంటుతో తిరిగి కొడతాం, అటు నుంచి బి5 వస్తుంది, అక్కడా అలాగే బంట్లు మారతాయి. తర్వాత రెండో గుర్రాలు ఎఫ్3, ఎఫ్6కి, ఆపైన డి4, డి5. మళ్లీ అచ్చం అద్దమే. ఇక్కడ బిషప్‌ని ఎఫ్4లో పెట్టమనండి, అది సూటిగా బి8 ఏనుగు మీదికి వెళ్తుంది. నలుపుకీ బిషప్‌ని ఎఫ్5లో పెట్టి మన ఏనుగుని బెదిరించాలనే ఉంటుంది, కానీ ముందు తన ఏనుగుని కాపాడుకోవాలి కదా, మామూలుగా బి6కి జరుపుతారు. కాపీ అక్కడితో ఆగిపోతుంది.

ఇంకొకటి, 1994లో స్పెయిన్‌లోని లినారెస్‌లో గ్రాండ్‌మాస్టర్లు కార్పోవ్, తోపలోవ్ మధ్య జరిగిన గేమ్ వాడికి చూపించండి. డి4తో మొదలైనా అది సిమెట్రికల్ ఇంగ్లిష్‌లోకే (సి4కి నలుపు సి5తో బదులిచ్చే రకం) వచ్చింది. మొదట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది, 18వ ఎత్తులో కార్పోవ్ తన గుర్రాన్ని తీసుకెళ్లి సి5లో బంటు నోటికి అందించాడు! కాసేపటికి ఏనుగుతో ఈ6 బంటుని, వెంటనే అదే ఏనుగుతో జి6 బంటుని కొట్టి చెక్, ఆ ఏనుగు పోయింది, 28వ ఎత్తులో రెండో ఏనుగునీ ఇచ్చేశాడు. 39 ఎత్తుల్లో గెలిచాడు. ఆ టోర్నీలో 13 గేముల్లో 11 పాయింట్లు తెచ్చుకుని, అప్పటి మేటి ఆటగాడు కాస్పరోవ్ కన్నా రెండున్నర పాయింట్లు ముందు నిలిచాడు. ఆ గేమ్ ఎన్నిసార్లు పెట్టి చూసుకున్నానో లెక్కలేదు, గుర్రం ఎత్తు దగ్గర ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

మీ బాబు స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకున్న కాగితం) కూడా ఒకసారి తీయండి. డ్రా ఎవరు అడిగారు? బోర్డు నిండా పావులుండగానే, టెన్షన్‌తో వీడే ఒప్పుకుని ఉంటే మాత్రం ముందు దాని గురించి మాట్లాడండి, ఓపెనింగ్ సంగతి తర్వాత.