సూర్యుడి మీద రాస్తున్న అమ్మాయికి

తల్లీ,

నువ్వు పంపిన వ్యాసం పీడీఎఫ్ చదివాను. ఫోన్లో చదివితే కళ్ళు లాగేస్తున్నాయని మా మనవడిని ఏడు రోడ్ల జంక్షన్ దాకా తోలి ప్రింటు తీయించుకుని మరీ చదివాను. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మొదటిసారి చదివి ఏటి చెప్పాలో తెలీక పక్కన పెట్టేశాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నాను.

ముందు సంతోషం చెప్పేస్తా. సోలార్ ఫిజిక్సుకి ఇచ్చే బహుమతి మీద తెలుగులో రాయాలని శ్రీకాకుళంలో డిగ్రీ చదివే పిల్లకి అనిపించడమే నాకు బోల్డంత. మా రోజుల్లో రాయడమంటే కథ, లేదంటే కవిత, సైన్సు అంటే పరీక్షకి బట్టీ పట్టి మర్నాడు మర్చిపోయేది. సరే, ఇక తిట్లు.

మొదటి పేరాలో "ప్రతిష్ఠాత్మక", "ప్రపంచ ప్రఖ్యాత", "అత్యున్నత", "విశ్వవిఖ్యాత", నాలుగూ లెక్కపెట్టాను. అవి పెన్సిల్‌తో కొట్టేసి చూస్తే మిగిలిందేటంటే, అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సోలార్ ఫిజిక్స్ డివిజన్ వాళ్ళు జార్జ్ ఎల్లరీ హేల్ పేరు మీద ఒక ప్రైజ్ ఇస్తారు, 1978లో మొదటిసారి ఇచ్చారు, అది యూజీన్ పార్కర్‌కి ఇచ్చారు. అంతే. పెళ్ళి శుభలేఖ లాగుంది. శుభలేఖలో ఎవరి పెళ్ళో, ఏ హాల్లోనో, ముహూర్తం ఎన్నింటికో ఉంటుంది గానీ సంబంధం ఎలా కుదిరిందో, మధ్యలో ఎన్నిసార్లు చెడిందో ఉండదు కదా. పెళ్ళికొచ్చినవాళ్ళు భోజనాల దగ్గర గుసగుసగా చెప్పుకునేది మాత్రం అదే. నువ్వు ఆ గుసగుస రాయాలి.

హేల్ పేరు మూడుసార్లు రాశావు, ఆయన చేసిందేటో ఒక్క ముక్క లేదు. సూర్యుడి మీద మచ్చలుంటాయని జనానికి ఎప్పట్నించో తెలుసు, అవి ఏమిటో తెలీదు. అమెరికాలో మౌంట్ విల్సన్ కొండ మీద హేల్ కూర్చుని ఆ మచ్చల వెలుగుని స్పెక్ట్రమ్‌గా, అంటే రంగుల పట్టీగా విడదీసి చూస్తే, ఆ పట్టీలో ఒక్క గీత ఉండాల్సిన చోట అది చీలి కనిపించింది. అయస్కాంతం పక్కనుంటే వెలుగు గీతలు అలా చీలతాయని అప్పటికే జీమన్ అనే ఆయన ల్యాబులో చూపించి ఉన్నాడు. దాన్ని బట్టి 1908లో హేల్ ఈ మచ్చలు బలమైన అయస్కాంతాల్లాంటివని చెప్పేశాడు. పదిహేను కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నదాన్ని ముట్టుకోకుండా, దగ్గరికి కూడా పోకుండా! భూమి బయట ఇంకో చోట అయస్కాంత క్షేత్రం ఉందని మనిషికి తెలియడం అదే మొదలు. ఇది చదివాక ఆ ప్రైజుకి ఆయన పేరే ఎందుకు పెట్టారో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు, నీ నాలుగు విశేషణాల పనీ ఆ ఒక్క చీలిన గీత చేసేస్తుంది.

ఇక పార్కర్. ఆయన్ని నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు, నాకు అక్కడే కడుపు మండింది. ఆ కథ వదిలేస్తే నీ వ్యాసంలో ఇంకేటి ఉంది చెప్పు?

తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపే ఉంటుంది, అది వస్తున్నా సరే, తిరిగి పోతున్నా సరే. పోయేటప్పుడైతే తోక ముందు, తల వెనక. అంటే సూర్యుడి వైపు నుంచి ఏదో తోస్తోందన్నమాట. జర్మనీలో బియర్‌మన్ అనే శాస్త్రవేత్త దీని మీద రాశాడు. పార్కర్ చికాగో యూనివర్సిటీలో కుర్రాడు, ముప్పయ్యొక్కేళ్ళు లేవు ఇంకా, లెక్కలు వేసుకుంటూ పోతే సూర్యుడి చుట్టూ ఉన్న ఆ వేడి పొర కదలకుండా ఉండటం కుదరదని, బయటికి ఒక ప్రవాహంలా పోతూనే ఉండాలని, సెకనుకి కొన్ని వందల కిలోమీటర్ల స్పీడు ఉంటుందని తేలింది. వందలంటే ఎంతో రాయలేదు నువ్వు. నాలుగొందలనుకో, మన శ్రీకాకుళంలో బయల్దేరితే రెండు సెకన్లకి హైదరాబాద్ దాటిపోతుంది. దానికి ఆయన సోలార్ విండ్ అని పేరు పెట్టి పేపర్ రాసి ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కి పంపితే, పరిశీలించిన ఇద్దరూ వద్దన్నారు, ఒకాయనైతే ముందు లైబ్రరీకెళ్ళి సబ్జెక్టు చదువుకుని రమ్మన్నంత పని చేశాడు.

ఆ పత్రికకి ఎడిటర్ ఎవరో తెలుసా, నక్షత్రాల మీద పనిచేసిన మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకీ ఆ ఐడియా నచ్చలేదు. కానీ లెక్కలో తప్పుందా అని చూశాడు, దొరకలేదు, వద్దన్నవాళ్ళు కూడా ఫలానా చోట తప్పని చూపించలేకపోయారు. దాంతో తనకి నచ్చకపోయినా వేసేశాడు, 1958లో. ఇదే చంద్రశేఖర్ని 1935లో లండన్‌లో నిండు సభలో ఎడింగ్టన్ లాంటి పెద్ద ఖగోళ శాస్త్రవేత్త ఎగతాళి చేశాడు, అప్పటికి ఈయనకి ఇరవై నాలుగేళ్ళు. ఆ అవమానమే పార్కర్ పేపర్ దగ్గర గుర్తొచ్చిందని నేను అనను, నాకు ఎవరూ చెప్పలేదు, నువ్వు కూడా రాయకు. రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి ఊరుకో. చదివేవాడు తెలివితక్కువవాడు కాదు.

నాలుగేళ్ళకి, 1962లో, మెరైనర్ 2 అనే అంతరిక్ష నౌక శుక్రుడి వైపు పోతూ దారి పొడుగునా ఆ గాలిని కొలిచింది. ఉంది. ఆగకుండా వీస్తోంది. ఆ తర్వాత 1978లో ఈ ప్రైజ్, అంటే పేపర్ వచ్చిన ఇరవై ఏళ్ళకి. ఇంకో నలభై ఏళ్ళకి, 2018 ఆగస్టు 12న నాసా ఆయన పేరు పెట్టిన నౌకని సూర్యుడి వైపు పంపితే తొంభై ఒక్కేళ్ళ వయసులో అక్కడికెళ్ళి దగ్గరుండి చూశాడు. బతికున్న మనిషి పేరు నాసా ఒక నౌకకి పెట్టడం అదే మొదటిసారి. 2022లో పోయాడు. 2024 డిసెంబరు 24న ఆ నౌక సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరి దాకా వెళ్ళి బయటపడింది, అది చూడటానికి ఆయన లేడు. చూశావా, ప్రైజ్ ఈ కథలో మధ్యలో వచ్చే ఒక స్టేషన్, నువ్వేమో టికెట్ అక్కడిదాకానే తీసుకుని దిగిపోయావు.

నా సంగతి ఒకటి చెప్తాను, నవ్వుకో. 2024 జనవరి 6న సూర్యుణ్ణి చూడటానికి మనవాళ్ళు పంపిన ఆదిత్య ఎల్1 నౌక, భూమికీ సూర్యుడికీ మధ్య ఎల్1 అనే దాని చోటుకి చేరింది కదా. శ్రీహరికోట నుంచి అంతకుముందు సెప్టెంబరు 2న బయల్దేరింది. అది చేరిన రాత్రికి రాత్రే నేనొక పేపర్ జిల్లా పేజీకి రాసి ఇచ్చేశాను, "సూర్యుడి చెంతకు చేరిన ఆదిత్యుడు" అని హెడ్డింగు కూడా నాదే, మురిసిపోయాను. మర్నాడు పొద్దున్నే విజయనగరం నుంచి రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ గారు ఫోన్. "మాస్టారూ, భూమి నుంచి ఎల్1కి ఎంత దూరం?" పదిహేను లక్షల కిలోమీటర్లు అన్నాను గర్వంగా. "సూర్యుడికి?" పదిహేను కోట్లు. "అయితే నూటికి ఎంత?" నేను మాట్లాడలేదు. ఒక శాతం తల్లీ, ఒకే ఒక్క శాతం. విశాఖపట్నం పోతానని శ్రీకాకుళంలో బస్సెక్కి కిలోమీటరు పోయేసరికి "విశాఖ చెంతకు చేరాం" అన్నట్టు, ఇంకా ఊరే దాటలేదు! అది సూర్యుడి దగ్గరికి పోవడానికి కాదు, భూమి అడ్డు రాకుండా, గ్రహణాల గొడవ లేకుండా అదే పనిగా సూర్యుణ్ణి చూస్తూ ఉండటానికి. ఆ రోజు నుంచి ఏ అంకె రాసినా పక్కనున్న అంకెతో భాగించి చూసుకోవడం అలవాటైంది. నువ్వూ చెయ్యి, నీ మూడో పేజీలో సూర్యుడి పైభాగం వేడి "కోటిన్నర డిగ్రీలు" అని ఉంది. అది నడిమధ్యలో. పైన అయిదున్నర వేలే.

అయితే ఆ తప్పులోంచే నీకు మంచి సరుకు దొరుకుతుంది. పైన అయిదున్నర వేలు, ఇంకా బయటికి పోతే సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే పొరలో పది లక్షల డిగ్రీలు దాటుతుంది. వంటింట్లో పొయ్యి దగ్గర కంటే వీధి అరుగు మీద ఎక్కువ కాలినట్టు. ఎందుకలాగ అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, పార్కరే 1988లో నానోఫ్లేర్లని చిన్న చిన్న పేలుళ్ళ లెక్క ఒకటి చెప్పాడు, ఇంకా తేలలేదు. తేలనిది తేలలేదనే రాయి. మనవాళ్ళకి వ్యాసమంటే అన్నీ తేల్చేయాలని ఒక పట్టింపు. అన్నట్టు కరోనా అని రాసిన చోట ఒక్క ముక్క విడమర్చి చెప్పు, మా ఆవిడ ఆ పేజీ చూసి మళ్ళీ వచ్చిందా అని అడిగింది.

గుంటూరు పేరా గురించి. "హీలియం పుట్టింది మన గుంటూరులోనే" అని రాశావు. ఇది వాట్సాప్ సరుకు, సగమే నిజం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం, ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల్లో మెరిసే గీతలు చూసి, ఇంత వెలుగున్నవి గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనుకుని మర్నాడు మామూలు ఎండలో చూశాడు, కనపడ్డాయి. గుంటూరు గొప్ప అదీ. అదే పని ఇంగ్లండులో లాకియర్ అనే ఆయన గ్రహణంతో పని లేకుండా విడిగా చేశాడు, ఆ గీతల్లో పసుపుది తెలిసిన ఏ మూలకానిదీ కాదని పట్టుకున్నదీ ఆయనే, హీలియం అన్నది దాన్నే. ఇద్దరి ఉత్తరాలూ ప్యారిస్‌లో సైన్సు అకాడమీకి ఒకే రోజు అందాయి. ఎవరు ముందని కొట్టుకోకుండా ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద ముద్ర వేయించారు. సూర్యుడి పరిశోధనకి ఇచ్చే బహుమతి మీదే కదా నువ్వు రాస్తున్నది, అలాంటి ఈ పతకం వెనక మన గుంటూరు ఎండ ఉంటే దాన్ని వదిలి పుట్టిందా పుట్టలేదా అనే పేచీకి పోయావేమిటి?

2018లో ఇదే హేల్ ప్రైజ్ సర్బానీ బసు గారికి వచ్చింది. "భారతీయ మహిళకు దక్కిన గౌరవం" అని చప్పట్లు కొట్టి వెళ్ళిపోయావు. ఆవిడ చేసిందేటి? సూర్యుడి ఒళ్ళంతా అయిదేసి నిమిషాలకి ఒకసారి పైకీ కిందకీ ఊగుతుంటుంది, గంట మోగినట్టు. ఆ ఊపుని బట్టి లోపల ఎక్కడ ఎలా ఉందో లెక్క కట్టడం ఆవిడ పని. మీ అమ్మమ్మ సంతలో కుండ కొనేటప్పుడు ఏం చేసేది? వేలితో కొట్టి చెవి పెట్టేది, పగులుంటే చప్పుడే చెప్పేస్తుంది. అది రాయి. మన ఊరి ముసలమ్మకి కూడా హేలియోసీస్మాలజీ అర్థమవుతుంది, ఆ పేరు పలకలేకపోయినా. పదాల దగ్గర నీకు మొహమాటం ఎక్కువ, "సౌరకంపనాధ్యయన శాస్త్రం" అని ఒకటి కట్టావు, ఎవడైనా నోరు తిరిగి అనగలడా? సోలార్ విండ్‌ని సౌరగాలి అను బావుంటుంది, మచ్చల్ని మచ్చలనే అను, కుదరని చోట ఇంగ్లీషు మాటే తెలుగులో రాసేసి ముందుకెళ్ళిపో.

ఇప్పుడు నాకు అసలు కోపం తెప్పించింది. నీ అడ్రసు అరసవల్లి. నడిచెళ్తే సూర్యనారాయణ స్వామి గుడి. పది పేజీల్లో ఆ ఊరి పేరు లేదు! సైన్సు వ్యాసంలో గుడేమిటని సిగ్గుపడ్డావేమో. మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పొద్దుటి ఎండ మూలవిరాట్టు పాదాల మీద పడుతుందని జనం విరగబడి వస్తారు కదా, ఎందుకు రెండుసార్లే అని ఎప్పుడైనా ఆలోచించావా? పొద్దు రోజూ ఒకే చోట పొడవదు, దక్షిణానికి జరిగి డిసెంబరు 21 దగ్గర ఆగి మళ్ళీ ఉత్తరానికి మళ్ళుతుంది, కాబట్టి ఏ చోటినైనా పోయేటప్పుడొకసారి వచ్చేటప్పుడొకసారి దాటుతుంది. క్యాలెండర్ తీసి లెక్కపెట్టు, అక్టోబరు మొదట్నించి డిసెంబరు 21కి ఎనభై రోజులు, అక్కడి నుంచి మార్చి పదికి మళ్ళీ దాదాపు అన్నే రోజులు. గుడి కట్టినవాళ్ళు ఈ లెక్క ఎన్నేళ్ళు పొద్దున్నే లేచి చూసి పట్టుకున్నారో. నేను ఒక అక్టోబరులో తెల్లారుజామునే వెళ్ళి నిలబడ్డాను, మబ్బు పట్టేసింది, ఏమీ పడలేదు, నా పక్కన కొత్తూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన "రేపు మళ్ళీ వస్తాడులే" అని చెప్పులు వెతుక్కుంటూ పోయాడు. హేల్ అయినా పార్కర్ అయినా చేసింది ఆ ముసలాయన చేసిందే కదా అని ఆటోలో వచ్చేటప్పుడు అనుకున్నాను.

పది పేజీలు ఆరు చెయ్యి. పార్కర్ దగ్గర మొదలుపెడతావా, గుడి దగ్గర మొదలుపెడతావా నీ ఇష్టం, ప్రైజ్ పేరు మాత్రం రెండో పేజీకి ముందు కనపడకూడదు. విజయనగరం లెక్చరర్ గారి నంబరు మా మనవడు నీకు పంపుతాడు, అంకెలన్నీ ఆయనకి చూపించు, కాస్త గదమాయిస్తాడు, పడు. ఆదివారం పది దాటాక రా, ఆ లోపల నాకు పూజా టిఫినూ అవుతాయి. వచ్చేటప్పుడు ఫోన్లో కాకుండా కాగితం మీద తెచ్చుకో, పెన్సిల్ నా దగ్గరుంది.

ఉంటాను,
మీ మాస్టారు
శ్రీకాకుళం