అందరి ఫోన్ నంబరూ 2147483647 ఎందుకైంది?

కస్టమర్ల టేబుల్‌లో అందరి ఫోన్ నంబరూ 2147483647 అనే పడుతోంది, ఇదెవరి నంబరు, దీనికేమైనా ప్రత్యేకత ఉందా అని అడిగారు. ఎవరిదీ కాదండీ. ప్రత్యేకత మాత్రం బోలెడుంది.

డిగ్రీ అయిన కొత్తలో మా ఊళ్లో ఓ కేబుల్ టీవీ ఆఫీసుకి బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. నంబరే కదా అని మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఫోన్ కాలమ్‌ని ఇంట్ (అంటే పూర్ణాంకం) అని పెట్టేశాను. వారం తిరక్కుండానే ఓనరు ఫోన్ చేసి, "ఏం తమ్ముడూ, ఊరందరికీ కలిపి ఒకటే ఫోనా?" అన్నాడు.

ఇంట్‌కి ఉండేది 32 బిట్లు. ప్లస్సో మైనస్సో చెప్పడానికి ఒకటి పోతే మిగిలేవి 31. ఆ 31 చోట్లా ఒకట్లు నింపితే వచ్చేదే ఈ సంఖ్య. అంటే 31 రెండ్లను గుణించి, అందులోంచి ఒకటి తీసేసినట్టు: 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మన మొబైల్ నంబర్లేమో 6, 7, 8, 9లతో మొదలవుతాయి కాబట్టి ఎంత చిన్నదైనా 600 కోట్లకు తగ్గదు. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను తిప్పికొట్టే సెట్టింగు) లేకపోతే మైఎస్‌క్యూఎల్ పట్టని నంబరును పారేసి, తనకు పట్టే పెద్ద సంఖ్యను రాసేసుకుంటుంది. ఓ వార్నింగ్ ఇస్తుంది గానీ, దాన్ని చూసేదెవరు? పోయిన నంబర్లు ఇక రావు. నేనైతే రసీదు పుస్తకాలు ముందేసుకుని నాలుగు రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించాను. మీరూ ముందు కాలమ్‌ని వార్‌చార్‌కి, అంటే అక్షరాల్లా దాచుకునే రకానికి మార్చండి. బిగింట్ (ఇంకా పెద్ద పూర్ణాంకాలు పట్టే రకం) వద్దు, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

ఆ చిరాకులోనే ఈ సంఖ్య సంగతేంటో చూద్దామని కూర్చున్నా. ఇది ప్రధాన సంఖ్య! 31 ప్రధాన సంఖ్య కాబట్టి ఇదీ అవుతుందనుకోకండి: 11 రెండ్లతో అలాగే చేస్తే వచ్చే 2047 అంటే 23 × 89. దీన్ని ప్రధాన సంఖ్యేనని తేల్చింది గణిత శాస్త్రవేత్త ఆయిలర్, 1772 నాటికి, అదీ చూపు దాదాపు పోయాక. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే పెద్దది. దీన్ని 30 రెండ్ల లబ్ధంతో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. అది పరిపూర్ణ సంఖ్య, తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే.

ఆయిలర్ కిటుకు నాకు తెగ నచ్చింది. దీన్ని భాగించే ప్రధాన సంఖ్యంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. దాంతో 3, 7, 11, 13 అంటూ వరసగా ప్రయత్నించే పని తప్పింది. మొట్టమొదట చూడాల్సిందే 311. రసీదు వెనకాల భాగించి చూశా: 69,05,092 సార్లు పోయి 35 మిగిలింది. తర్వాతది 1303, అక్కడ 226 మిగిలింది. ఇలా ఈ సంఖ్య వర్గమూలం దాకా, అంటే 46,340 దాకా చూడాలి. నేను 1489 దగ్గర పెన్ను పడేశా.