నువ్వులు తింటే కాల్షియం మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: మా అత్తగారికి 62 ఏళ్లు. ఎముకలు పలచబడ్డాయని వైద్యులు కాల్షియం మాత్రలు రాశారు. పాలకంటే నువ్వుల్లోనే కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువని ఎవరో చెప్పడంతో, మాత్రలూ పాలూ మానేసి రోజూ చెంచాడు నువ్వుల పొడి తింటానంటున్నారు. కళాశాలలో చదివే మా అమ్మాయికి రక్తహీనత ఉంది. జీడిపప్పు పెడితే సరిపోతుందా? బాదం, గుమ్మడి గింజలు కూడా కొనాలా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: వైద్యులు చెప్పేవరకు మీ అత్తగారి చేత మాత్రలు మాన్పించకండి. ఆవిడ విన్నది అబద్ధం కాదు. పొట్టు తీయని నువ్వులు 100 గ్రాములలో సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే తూకం పాలలో ఉండేది 120 మిల్లీగ్రాములే. అయితే పెద్ద గ్లాసుడు పాలు తాగగలిగినవారు కూడా 100 గ్రాముల నువ్వులు తినలేరు. అందులో దాదాపు సగం నూనే కాబట్టి తినడం మంచిదీ కాదు. పెద్ద చెంచాడు నువ్వులు తూగేది 9 గ్రాములు, వాటిలోని కాల్షియం 90 మిల్లీగ్రాములు దాటదు. ఆవిడ వయసువారికి రోజుకు కనీసం 1000 మిల్లీగ్రాములు కావాలి. పైగా నువ్వుల కాల్షియంలో ఎక్కువ భాగం పొట్టులోనే, ఆక్సలేట్ అనే పదార్థంతో ముడిపడి ఉండడం వల్ల పాలలోని కాల్షియమంత సులువుగా ఒంటికి పట్టదు. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లోనైతే ఆ కాల్షియంలో సుమారు పదో వంతే మిగులుతుంది.

అలాగని నువ్వులను చిన్నచూపు చూడనక్కరలేదు. మన ఉత్తరాంధ్ర ఇళ్లలో బాలింతలకు ప్రత్యేకంగా వండిపెట్టే తెలగపిండి కూరను నేను ఎంతో విలువైన వంటగా భావిస్తాను. పొట్టుతోనే గానుగ ఆడిన నువ్వుల నుంచి నూనె చాలావరకు పోయాక మిగిలేది ఆ పిండి. అందువల్ల మాంసకృత్తులూ ఖనిజాలూ అందులో చిక్కబడి ఉంటాయి. దానికి ములగాకు కలిపితే ఆ ఆకులోని కాల్షియం కూడా తోడవుతుంది. వారానికి రెండుసార్లు ఈ కూర, అప్పుడప్పుడూ ఓ చిమ్మిలి ఉండ, వాటితోపాటు పాలో పెరుగో ఉంటే మీ అత్తగారికి మంచి ఆధారం. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు మాత్రం నువ్వుల విషయంలో వైద్యుల సలహా తీసుకోవాలి.

ఇక మీ అమ్మాయి సంగతి. జీడిపప్పు 100 గ్రాములలో ఇనుము 6 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది కనుక, పది పలుకులు తింటే అందేది సుమారు ఒక మిల్లీగ్రామే. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం స్త్రీలకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. పైగా గింజలన్నింటిలోనూ ఉండే ఫైటేట్ అనే పదార్థం ఇనుమునూ జింకునూ పట్టి ఉంచుతుంది. నానబెట్టినా మొలకెత్తించినా దాని పట్టు సడలుతుంది. నిమ్మరసంలోని విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది. అందుచేత నానబెట్టి ఉడికించిన వేరుశెనగ గుళ్లలో నిమ్మకాయ పిండి ఇవ్వండి, తిన్న వెంటనే టీ తాగనివ్వకండి. రక్తహీనత పూర్తిగా తగ్గాలంటే గింజలు చాలవు, వైద్యులిచ్చే ఇనుము మాత్రలు వాడవలసిందే.

బాదంలో విటమిన్ ఇ పుష్కలంగా ఉంటుంది కానీ, మాంసకృత్తుల విషయంలో 100 గ్రాములకు 21 గ్రాములున్న బాదంకంటే 25 గ్రాములున్న వేరుశెనగే మెరుగు, ధర కూడా తక్కువ. గుమ్మడి పప్పులో మెగ్నీషియం 100 గ్రాములకు 550 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, జింకు కూడా బాగా ఉంటుంది. కూరకు కోసిన గుమ్మడికాయ గింజలను పారేయకుండా కడిగి ఎండబెట్టి వలుచుకుంటే విడిగా కొనే పని ఉండదు.

విశాఖ వంటి సముద్రపు ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ కనుక, వేరుశెనగ గుళ్లు కొద్దికొద్దిగా కొని గాలి చొరని డబ్బాలో దాచండి. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి కనిపిస్తే ఏరి పారేయండి. బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయానికి హాని చేసే విషం, వేయించినా అది పూర్తిగా పోదు.