హిట్లర్ ‘చేశాడు’, చర్చిల్ ‘చేశారు’: ఏది దిద్దాలి?

సందేహం: హైస్కూల్లో సోషల్ చెబుతాను. పిల్లల నోట్సు దిద్దేటప్పుడు ఒకచోట ఎప్పుడూ ఆగిపోతుంటాను. అశోకుడు, అక్బరు, నెపోలియన్ ‘పాలించాడు’ అని రాస్తారు. నెహ్రూ, మండేలా దగ్గరికి వచ్చేసరికి ‘పాలించారు’ అంటారు. ఒకే పేరాలో ‘హిట్లర్ దాడి చేశాడు, చర్చిల్ ప్రధాని అయ్యారు’ అని ఉంటుంది. విక్టోరియా రాణికైతే కొందరు ‘పాలించింది’ అని, కొందరు ‘పాలించారు’ అని రాస్తారు. దీనికి నియమం ఏదైనా ఉందా? – ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: వ్యాకరణం లెక్కలో ఒక్క మనిషికి ఏకవచన క్రియే. ఒక్కరికే బహువచనం వాడడం గౌరవం కోసం లోకం చేసుకున్న అలవాటు. అందుకని ‘పాలించాడు’ అని రాసినంత మాత్రాన ఎవరినీ తక్కువ చేసినట్టు కాదు. రాముడు వచ్చాడనే అంటాం, దేవుడున్నాడనే అంటాం.

‘రు’ ఎవరికి వస్తుందో గమనించండి. మన ఎదుట ఉన్నవాళ్లకు, మన పెద్దలు కళ్లారా చూసినవాళ్లకు వస్తుంది. కాలం దూరమయ్యేకొద్దీ అది జారిపోతుంది. 1994 నుంచి 1999 వరకు దక్షిణాఫ్రికా అధ్యక్షుడిగా ఉన్న మండేలాకు ‘రు’ సహజంగా పలుకుతుంది. 1804లో చక్రవర్తి అయిన నెపోలియన్‌కు పలకదు. నెహ్రూ ఇప్పుడు ఆ సరిహద్దులో ఉన్నారు. మా తరంవాళ్లకు ‘నెహ్రూ అన్నాడు’ అంటే చెవికి గుచ్చుకుంటుంది, మీ పిల్లలకు అలా అనిపించకపోవచ్చు. ఇక పేరులోనే బహువచనం ఉన్న కృష్ణదేవరాయలు లాంటివాళ్లకు ‘రాయలు ఏలాడు’, ‘రాయలు ఏలారు’ రెండూ వాడుకలో ఉన్నవే.

నాకు అభ్యంతరమల్లా మీరు చూపించిన హిట్లర్, చర్చిల్ వాక్యం మీదే. 1940 మే 10న జర్మన్ సేనలు నెదర్లాండ్స్, బెల్జియంల మీద పడ్డాయి. చర్చిల్ బ్రిటన్ ప్రధాని అయింది కూడా ఆ రోజే. ఒకే రోజు, ఒకే యుద్ధం, ఒకే పేరా. ఒకరికి ‘డు’, ఇంకొకరికి ‘రు’ ఎందుకు వచ్చాయి? కాలం దూరం ఇద్దరికీ సమానమే. రాసినవాడు క్రియ చివర తన తీర్పు చేర్చాడు, అంతే. హిట్లర్ మీద అసహ్యం న్యాయమైనదే, కానీ దాన్ని చెప్పాల్సింది అతను చేసిన పనులతో. యూదుల నరమేధం గురించి ఉన్నదున్నట్టు రాస్తే చాలు, ప్రత్యయం సాయం అక్కర్లేదు. పైగా ఈ కొలత ఎంతోదూరం నిలవదు. 1943లో బెంగాల్ కరువుతో లక్షలమంది చనిపోయినప్పుడు బ్రిటన్ ప్రధాని చర్చిలే. ఆ పాఠం చెప్పేటప్పుడు ఆయన ‘రు’ తీసేస్తామా? హిట్లర్‌ను ఓడించడంలో ముఖ్యుడైన స్టాలిన్, 1930లలో తన దేశంలోనే లెక్కలేనంతమందిని చంపించాడు. అతనికి ఏది పెడతాం? మనుషుల మంచిచెడ్డల్ని ‘డు’, ‘రు’లతో తూచబోతే ప్రతి పేజీలోనూ టెన్షనే.

అర్థం విషయంలోనూ ఒక చిక్కుంది. ఈ వాక్యాలు చూడండి: ‘1945 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ యాల్టాలో సమావేశమయ్యారు. జపాన్‌పై యుద్ధానికి దిగడానికి అంగీకరించారు.’ చదివినవాడు ముగ్గురూ అంగీకరించారనుకుంటాడు. నిజానికి అమెరికా, బ్రిటన్ అప్పటికే జపాన్‌తో పోరాడుతున్నాయి, అంగీకరించింది స్టాలిన్ ఒక్కడే. గౌరవ బహువచనానికీ అసలు బహువచనానికీ రూపం ఒకటే కావడంతో వచ్చిన తిప్పలివి. ‘స్టాలిన్ అంగీకరించాడు’ అంటే గొడవే లేదు. ‘అధ్యక్షులు అన్నారు’ అన్నా ఇదే సమస్య, ఒకరో పదిమందో తెలియదు. పత్రికలు ‘అధ్యక్షుడు అన్నారు’ అని రాయడం మొదలుపెట్టింది బహుశా అందుకే కావచ్చు. కర్తకూ క్రియకూ వచనం కలవకపోయినా అది వాడుకలో స్థిరపడింది, తప్పుపట్టకండి.

రాణుల సంగతి వేరు. తెలుగులో ‘వచ్చింది’ అనే రూపం స్త్రీకీ అదే, బండికీ అదే. కన్నడంలో ‘బందళు’, తమిళంలో ‘వందాళ్’ అని ఒక్క స్త్రీకి వేరే రూపం ఉంది, మనకు లేదు. వ్యాకరణకర్త చిన్నయసూరి మహత్తు (మగవాళ్లను చెప్పే మాటలు), అమహత్తు (మిగతావన్నీ) అని చేసిన విభజనలో స్త్రీ ఏకవచనంలో అమహత్తుల వైపు, బహువచనంలో పురుషులతో పాటు మహత్తుల వైపు ఉంటుంది. పాత గ్రాంథికంలో ‘రాజు పాలించెను, రాణి పాలించెను’ అని అందరికీ ఒకే రూపం ఉండేది కాబట్టి ఈ తేడా పైకి కనపడలేదు. వ్యావహారికంలోకి వచ్చాక ‘నెపోలియన్ పాలించాడు, విక్టోరియా పాలించింది’ అని విడిపోయింది. అందుకే చాలామందికి రాణి గురించి ‘ది’ రాయడానికి చెయ్యి రాదు. ‘అమ్మ వచ్చింది’ అని ఎంతో ప్రేమగా అనే మనమే, పద్దెనిమిదేళ్లకు సింహాసనం ఎక్కి 1837 నుంచి 1901 వరకు ఏలిన మనిషికి ఆ రూపం చాలదనుకుంటాం. ఆ ఇబ్బంది నిజమైనదేనని నా నమ్మకం. కాబట్టి విక్టోరియాకు, రష్యా ఏలిన కేథరిన్‌కు ‘పాలించింది’ వ్యాకరణ సమ్మతమే, ‘పాలించారు’ అని రాసినా కొట్టేయకండి. 1960లో ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని అయిన శ్రీలంక నేత సిరిమావో బండారనాయకే, ఇందిరా గాంధీ, ఇజ్రాయెల్ ప్రధానిగా చేసిన గోల్డా మెయిర్, బ్రిటన్ ప్రధానిగా చేసిన థాచర్ – వీళ్లకు మాత్రం ‘రు’యే రాయించండి. వీళ్ల కాలపు మగ ప్రధానులకు ‘రు’ రాస్తూ వీళ్ల దగ్గర ‘ది’ అనడం అన్యాయం.

నోట్సులో దిద్దాల్సినవి రెండే. ఒకే వ్యక్తికి పై వాక్యంలో ‘డు’, కింది వాక్యంలో ‘రు’ వస్తే దిద్దండి. ఒకే కాలంవాళ్లను ఒకే పేరాలో రెండు రకాలుగా రాస్తే అదీ దిద్దండి. మిగతా వాటికి మార్కులు తగ్గించాల్సిన పని లేదు.