ముందు ప్లగ్గు క్యాపు పీకు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు లాన్ మోవర్లు (గడ్డి కోసే యంత్రాలు), చిన్న ఇంజన్లు బాగుచేసే పని మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పగానే గుండె పొంగింది. ఆ రాత్రి కునుకు మాత్రం పట్టలేదు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఆయిల్ మట్టం చూడకుండా తాడు లాగకు. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురు కట్టి, ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బ్యురేటర్‌లోని సన్న రంధ్రాన్ని (జెట్) మూసేస్తుంది కాబట్టి, స్టార్టు కాని బండి వస్తే ముందు ట్యాంకు వాసన చూడు. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ బండికి 50:1 పాళ్లంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, కంటికొలత పనికిరాదు.

ఇక అసలు విషయం. నా ఎడమచేతి మధ్యవేలు పొట్టిగా ఎందుకుందని చిన్నప్పుడు నువ్వడిగితే ఎలుక కొరికిందన్నాను. అది అబద్ధం. నాకప్పుడు 26 ఏళ్లు. అప్పుడే ఆపిన మోవర్‌ను పక్కకు వాల్చి, డెక్కు (బ్లేడు మీద కప్పులా ఉండే రేకు) కింద అట్టకట్టిన తడిగడ్డిని పుల్లతో గీకుతుంటే బ్లేడు అడ్డం వచ్చింది. స్విచ్ ఆపే ఉంది, బ్యాటరీయే లేని బండి, ఇంకేం భయమని చేత్తో పట్టి తిప్పాను. సిలిండరులో గాలి నొక్కుకుపోయే కంప్రెషన్ దగ్గర బ్లేడు మొరాయిస్తే ఇంకాస్త గట్టిగా నెట్టాను. ఇంజన్ ఒకేఒక్కసారి 'టప్'మంది. చేయి వెనక్కి తీసుకునేసరికి వేలి కొస లేదు. నొప్పి కూడా వెంటనే తెలియలేదు. గడ్డి మీద ఆ ఎరుపేమిటా అని చూస్తూ కూర్చున్నాను.

తర్వాత విప్పి చూస్తే స్విచ్ నుంచి, ప్లగ్గుకు స్పార్కు కరెంటిచ్చే కాయిల్‌కు వెళ్లే తీగ తెగి ఉంది. ఆ తీగ కాయిల్‌ను ఎర్త్ చేస్తేనే స్పార్కు ఆగుతుంది. అది తెగాక స్విచ్ ఉన్నా లేనట్టే. అయస్కాంతంతో స్పార్కు పుట్టించే ఈ ఏర్పాటును మాగ్నెటో అంటారు, దానికి బ్యాటరీతో పనిలేదు, ఫ్లైవీల్ అనే బరువు చక్రంలోని అయస్కాంతం కాయిల్ పక్కనుంచి విసురుగా వెళితే చాలు. ఆ ఫ్లైవీల్ ఒక కొసన, బ్లేడు మరో కొసన, రెండూ ఇంజన్ తిప్పే ఒకే ఇరుసుకు (క్రాంక్‌షాఫ్ట్) బిగించి ఉంటాయి కాబట్టి బ్లేడు తిప్పడమంటే స్టార్టరు తాడు లాగడమే. ఇదంతా నాకు తెలుసు బుజ్జీ, తెలిసే తిప్పాను. నా మీద నాకు ఈనాటికీ తగ్గని కోపం అదే.

కాబట్టి బండి బల్ల మీదికి వచ్చిందంటే ముందు స్పార్క్ ప్లగ్గుకు కరెంటు తెచ్చే తీగ కొసనున్న క్యాపు పీకి, మళ్లీ తగలకుండా దూరంగా వంచి కట్టు. "నిమిషం పనే కదా" అన్నావో, నేనే వచ్చి చెవి మెలిపెడతాను. వాల్చేటప్పుడు కార్బ్యురేటర్ పైవైపు ఉండాలి. లేకపోతే ఆయిల్ ఎయిర్ ఫిల్టరులోకి దిగి, స్టార్టు చేయగానే పొగ కమ్మేస్తుంది. మూసిన గదిలో ఇంజన్ నడపకు, వేడి ఇంజన్‌లో పెట్రోలు పోయకు.

ప్లగ్గు గ్యాపు కొలిచే నా ఫీలర్ గేజ్ పంపుతున్నాను. దానితోపాటు మాసిన ఎర్రగుడ్డ ముక్క ఒకటి ఉంటుంది, పారేయకు. పీకిన క్యాపుకు అది కట్టాలి. నా వేలి కట్టు విప్పిన రోజు నుంచీ నేను కడుతున్నది అదే.

నీ పెదనాన్న