ఇటలీ ప్రయాణంలో ఏ ఊరిలో ఏ వంట తినాలి?

ఏప్రిల్‌లో మిలాన్‌లో దిగి, రోమ్, నేపుల్స్ మీదుగా సిసిలీలోని పలెర్మో వరకు పన్నెండు రోజులు తిరగబోతున్నామని, అక్కడి సంప్రదాయ వంటల్లో ఏవి తప్పక రుచి చూడాలో చెప్పమని మీరు అడిగారు. మీ దంపతులు కోడి, చేప తింటారని, గొడ్డుమాంసం, పందిమాంసం తినరని, వెంట వస్తున్న మీ అమ్మగారు గుడ్డు కూడా ముట్టరని రాశారు. నేను ఉద్యోగరీత్యా మూడేళ్ళు జెనోవాలో ఉన్నాను. పూర్తి శాకాహారి అయిన మా అమ్మ అక్కడికి వచ్చి రెండు నెలలు నాతో గడిపింది కాబట్టి, మీ ప్రశ్నకు ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోండి. 1861లో ఏకమయ్యేదాకా ఇటలీ వేరువేరు రాజ్యాలుగా ఉండేది. వంటల్లో ఆ వేర్పాటు ఇప్పటికీ అలాగే ఉంది. అందుచేత మిలాన్ వంటకాన్ని నేపుల్స్‌లోనో, నేపుల్స్ పిజ్జాను మిలాన్‌లోనో వెతుక్కోకుండా, ఏ ఊరిలో దిగితే ఆ ఊరివాళ్ళు తరతరాలుగా తింటున్నదే అడిగి తినండి.

మీ ప్రయాణంలో లేకపోయినా, మిలాన్ నుంచి రైలులో రెండు గంటల లోపు దూరంలో ఉన్న జెనోవాకు ఒక పూట కేటాయించమని గట్టిగా చెబుతాను. అందుకు కారణం ఫరినాటా. శనగపిండిని దాదాపు మూడింతల నీళ్ళలో జారుగా కలిపి, కొన్ని గంటలు నాననిచ్చి, పైకి తేలిన నురగ తీసేసి, ఉప్పు, ఆలివ్ నూనె చేర్చి, బండిచక్రమంత వెడల్పున్న రాగి పళ్ళెంలో పలుచగా పోసి, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉండే ఆ అట్టును ముక్కలుగా కోసి, పైన మిరియాల పొడి చల్లి, కాగితంలో పెట్టి ఇస్తారు. ఇందులో గుడ్డు లేదు, పాలు లేవు, వెన్న లేదు. వచ్చిన కొత్తలో మా అమ్మ పరాయి దేశపు తిండి అంటేనే భయపడి, పెరుగన్నంతో సరిపెట్టుకునేది. ఒక సాయంత్రం పాత రేవు దగ్గరి సందులో ఆ పొయ్యి ముందు నిలబడగానే, "ఇది మన శనగపిండి వాసనే కదరా" అంది. ఆ రోజు తర్వాత వారానికి రెండుసార్లు తానే నన్ను అక్కడికి తీసుకువెళ్ళేది. అది చల్లారితే రుచి పోతుంది కాబట్టి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన పళ్ళెం కోసం కాసేపు ఆగడం మంచిది. జెనోవాకే పేరు తెచ్చిన, తులసి జాతి ఆకులతో నూరిన పచ్చడి లాంటి పెస్టోను అక్కడ మెలితిప్పిన ట్రోఫియె పాస్తాతో, బంగాళాదుంప, బీన్సు ముక్కలు కలిపి వడ్డిస్తారు. ఆ పాస్తాలో గుడ్డు ఉండదు గాని, పెస్టోలో జున్ను, అంటే చీజ్ ఉంటుంది.

జున్ను సంగతి మీ అమ్మగారికి ముందే చెప్పండి. పార్మిజానో రెజ్జానో అనే జున్ను తయారీలో పాలు విరవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడాలన్నది దాని నియమావళిలోనే ఉంది. రోమ్ వంటల్లో వాడే పెకొరీనో రొమానోకు గొర్రెపిల్ల రెనెట్ వాడతారు. ఆ పట్టింపు ఉంటే "సెన్జా ఫొర్మాజ్జో", అంటే జున్ను లేకుండా అని అడగాలి.

మిలాన్‌లో అందరూ సిఫారసు చేసేది కుంకుమపువ్వు వేసిన పసుపుపచ్చని రిసొట్టో అనే అన్నపు వంటకం. అది నిజంగా గొప్ప వంటకమే గాని, సంప్రదాయ పద్ధతిలో అందులో ఆవు ఎముకల మూలుగ, మాంసపు రసం పడతాయి. ఒక భోజనశాలలో మాంసం లేదని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాకే మా అమ్మకు అది తెప్పించాను. సగం తిన్నాక, ముక్కలు లేవన్న అర్థంలోనే అలా చెప్పారని తెలిసింది. ఆమె ఆ రాత్రి ఇంకేమీ తినలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకని "కార్నె", అంటే మాంసం లేదా అని అడిగి ఊరుకోకండి. "బ్రోడో", అంటే ఎముకల రసం, "స్ట్రుట్టో", అంటే పందికొవ్వు, "అచ్చూగె", అంటే ఉప్పులో ఊరవేసిన చిన్న చేపలు, ఈ మూడూ ఉన్నాయా అని విడివిడిగా అడగండి.

దారిలో బొలోన్యాలో ఆగితే, అక్కడి రగూ అనే మాంసపు సాస్‌లో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ ఉంటాయని, ఆ ప్రాంతపు తాజా పాస్తాను గుడ్లతోనే కలుపుతారని తెలుసుకోండి. దక్షిణాదిలో ఎండబెట్టిన పాస్తాకు సాధారణంగా గోధుమరవ్వ, నీళ్ళే ఆధారం కనుక, మీ అమ్మగారికి కిందికి వెళ్ళేకొద్దీ తిండి సులువవుతుంది.

రోమ్‌లో పాత యూదుల వాడలో పుట్టిన కర్చోఫీ అల్లా జుదీయా తినండి. మొగ్గలాంటి ఆర్టిచోక్‌ను పువ్వులా విప్పి, నూనెలో రెండుసార్లు వేయించినది అది. మీరు వెళ్ళే ఏప్రిల్ నాటికి దాని కాలం ఇంకా ముగియదు.

నేపుల్స్‌లో అందరూ మార్గరీటా అడుగుతారు. మీ అమ్మగారికి మాత్రం పిజ్జా మరినారా చెప్పండి. పేరులో సముద్రం ఉన్నా అందులో చేప ఉండదు, జున్ను కూడా ఉండదు. టమాటా, వెల్లుల్లి, వాము వాసనను తలపించే ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. అక్కడి పిజ్జా చేసే కళను యునెస్కో 2017లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. నా మట్టుకు ఆ కళ తేటగా కనిపించేది మరినారాలోనే, ఎందుకంటే పిండిలోని లోపాన్ని కప్పిపుచ్చే జున్ను దాని మీద ఉండదు.

వీలు చిక్కి ఇటలీ ఆగ్నేయాన ఉన్న పూలియా ప్రాంతం వైపు వెళితే ఫావె ఎ చికోరియా దొరుకుతుంది. ఎండు బాకలా (ఫావా) గింజల పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనెతో ఎనిపి, పక్కన ఉడికించిన చేదు ఆకుకూర పెడతారు. ముద్దపప్పు తిని పెరిగినవారికి అది కొత్తగా అనిపించదు. అయితే కుటుంబంలో ఎవరికైనా జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం, ఉంటే ఆ గింజలు ప్రమాదకరం, పూర్తిగా మానేయాలి.

పలెర్మోలో అరంచీనె అనే అన్నపు ఉండలు మిమ్మల్ని ఊరిస్తాయి గాని, మామూలుగా ఒక రకంలో మాంసం, మరో రకంలో పందిమాంసపు హామ్ ఉంటాయి. వాటి బదులు వంకాయ, సెలరీ, ఆలివ్ కాయలను వెనిగర్, చక్కెరలతో పుల్లపుల్లగా, తియ్యతియ్యగా వండిన కపొనాటా తీసుకోండి. వీధిలో పనెల్లే కూడా వదలకండి: శనగపిండిని నీళ్ళలో ఉడికించి, పార్స్లీ ఆకు కలిపి, పలుచగా పరిచి, ఆరాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. అదే నూనెలో ఇంకేమి వేయించారో అడిగి, నువ్వులు అద్దిన బన్నులో వేడివేడిగా పెట్టించుకుని, పైన నిమ్మకాయ పిండించుకోండి.