హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌లతో దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేయవచ్చా?

వెబ్‌సైట్లు చేయడం వచ్చు, తెలిసినవారి విత్తనాల దుకాణానికి విండోస్‌లో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కావాలంటున్నారు, ఇందుకోసం సీ షార్ప్ భాష మొదటి నుంచి నేర్చుకోవాలా, ఉన్న జావాస్క్రిప్ట్‌తోనే కానివ్వవచ్చా, ఎలక్ట్రాన్ బరువంటున్నారు కాబట్టి టౌరీ మేలా అని అడిగారు.

జావాస్క్రిప్ట్‌తోనే కానివ్వండి. ఎలక్ట్రాన్ తీసుకోండి. ఎలక్ట్రాన్, టౌరీ రెండూ వెబ్ పేజీని కంప్యూటర్‌లో నడిచే అప్లికేషన్‌గా మార్చే పనిముట్లే. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణాలకు కొన్నేళ్లుగా నేను ఇదే పని చేస్తున్నాను కాబట్టి కారణాలు కాస్త వివరంగానే చెబుతాను. తెర మీద కనిపించే భాగం మీకు సమస్యే కాదు, అది మీకు వచ్చిన విద్యే. ఆ పేజీ వెళ్లి బయటి వస్తువును తాకే చోటనే అసలు పని మొదలవుతుంది. ప్రింటరు, కీబోర్డు, పోయి వచ్చే కరెంటు, పాత విండోస్: మీ కాలమంతా వీటికే ఖర్చవుతుంది. ఏ పనిముట్టు ఎంచుకోవాలన్నదీ వీటిని బట్టే తేల్చుకోవాలి తప్ప ఇన్‌స్టాలర్ సైజును బట్టి కాదు.

ముందు ఆ బరువు సంగతి. ఎలక్ట్రాన్ అంటే క్రోమియం బ్రౌజర్‌నూ, జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్‌నూ మీ పేజీతో కలిపి ఒకే మూటగా ఇవ్వడం. గిట్‌హబ్ సంస్థ 2013లో తన ఆటమ్ ఎడిటర్ కోసం ఆటమ్ షెల్ అనే పేరుతో దీన్ని మొదలుపెట్టింది, 2015లో ఎలక్ట్రాన్ అని పేరు మార్చింది. ఆటమ్ 2022 డిసెంబరులో మూతపడింది గాని దాని కోసం వేసిన పునాది మీద వీఎస్ కోడ్, స్లాక్, డిస్కార్డ్ ఇప్పటికీ నడుస్తున్నాయి. ప్రతి అప్లికేషనూ తన బ్రౌజర్‌ను తానే మోసుకొస్తుంది కాబట్టి ఏమీ లేని ఖాళీ కిటికీ కూడా వంద ఎంబీకి అటూఇటూగా తూగుతుంది.

టౌరీ అద్దె ఇంట్లో ఉంటుంది. విండోస్‌లో వెబ్‌వ్యూ2, మ్యాక్‌లో డబ్ల్యూకే వెబ్‌వ్యూ, లినక్స్‌లో వెబ్‌కిట్ జీటీకే, ఇలా ఆ యంత్రంలో అప్పటికే ఉన్న బ్రౌజర్ భాగాన్నే వాడుకుంటుంది. అందుకే ఇన్‌స్టాలర్ కొద్ది ఎంబీలతో సరిపోతుంది. 2022లో మొదటి స్థిరమైన వెర్షన్, 2024 అక్టోబరులో రెండవది వచ్చాయి. మంచి పనిముట్టే, అందులో సందేహం లేదు. కానీ వెనుక భాగం రస్ట్ భాషలో రాయాలి. సీ షార్ప్ తప్పించుకోవాలని వచ్చిన మీరు రస్ట్ దగ్గర చిక్కుకోవడంలో అర్థం లేదు. పైగా విండోస్‌లో వెబ్‌వ్యూ2 కూడా లోపల క్రోమియమే. డిస్కు మీద కనిపించినంత తేడా ర్యామ్‌లో కనిపించదు.

దుకాణంలో విండోస్ 7 నడుస్తోందేమో ముందే కనుక్కోండి. ఎలక్ట్రాన్ 23వ వెర్షన్ నుంచి విండోస్ 7, 8, 8.1 లకు మద్దతు లేదు. అలాగని టౌరీకి మారితే గండం గడుస్తుందనుకోకండి. వెబ్‌వ్యూ2 కూడా ఆ పాత విండోస్‌ల మీద 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఎలక్ట్రాన్ 22 పెట్టి నడిపించవచ్చు, నడుస్తుంది కూడా. కానీ దానికి భద్రతా మరమ్మతులు ఇక రావు. నన్నడిగితే ఆ కంప్యూటర్ మార్చమని దుకాణదారుకే చెబుతాను. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఇవ్వగలిగినవారు కంప్యూటర్ మార్చుకోలేరని నేను నమ్మను.

ఇక ముద్రణ. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. విత్తనాల బిల్లులో సరుకు పేరుతోపాటు లాట్ నంబరు, గడువు తేదీ కూడా ఉండాలి. పంట దెబ్బతింటే రైతు చేతిలో మిగిలే ఆధారం ఆ కాగితమే. అందుకే పేర్లు తెలుగులో ఉండాలని చాలామంది దుకాణదారులే అడుగుతారు. కౌంటర్ల మీద ఉండే థర్మల్ ప్రింటర్లకు ఈఎస్‌సీ పీఓఎస్ అనే ఆదేశాల భాష ఉంది. ఇంగ్లీషు అక్షరాలు పంపితే ప్రింటరు తన లోపలున్న అక్షరాలతో టకటకా కొట్టేస్తుంది. తెలుగు పంపితే ప్రశ్నార్థకాలో, పిచ్చి గీతలో వస్తాయి. ఆ చిన్న యంత్రంలో తెలుగు లిపి ఉండదు, లక్ష్మి అనే పేరులో ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో దానికి తెలియదు.

కాబట్టి తెలుగును అక్షరాలుగా పంపకుండా బొమ్మగా పంపాలి. ఇక్కడే వెబ్ పరిజ్ఞానం మీకు కలిసివస్తుంది. క్రోమియం లోపల హార్ఫ్‌బజ్ అనే అక్షర కూర్పు యంత్రాంగం ఉంది, గుణింతాలూ ఒత్తులూ అదే చక్కగా అమరుస్తుంది. బిల్లును కాన్వాస్ (పేజీలో బొమ్మలు గీసే చోటు) మీద గీయండి. 80 మిల్లీమీటర్ల రోలు ప్రింటర్లలో ఎక్కువ భాగం 203 డీపీఐవే, అంటే మిల్లీమీటరుకు 8 చుక్కలు. అచ్చు పడే వెడల్పు 72 మిల్లీమీటర్లు కాబట్టి కాన్వాస్ వెడల్పు 576 చుక్కలు పెట్టాలి. 58 మిల్లీమీటర్ల రోలుకు 384. గీసిన బొమ్మలో అక్షరాల అంచుల దగ్గర బూడిద రంగు ఉంటుంది, ప్రింటరుకు నలుపూ తెలుపూ తప్ప మూడో రంగు తెలియదు. ఒక హద్దు పెట్టుకుని ప్రతి చుక్కనూ అటో ఇటో తేల్చేయాలి. అక్షరం ఎత్తు 24 చుక్కలకు తగ్గితే ఒత్తులు ముద్దగా అతుక్కుపోతాయి, సన్నని అక్షరమైతే తలకట్లు ఎగిరిపోతాయి. కొంచెం మందమైన అచ్చు వాడండి. నోటో సాన్స్ తెలుగు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్‌తోపాటే ఇచ్చేయండి. గీసేముందు అక్షరాలు లోడయ్యాయని చెప్పే డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ అనే ప్రామిస్ కోసం ఆగడం మరవకండి. లేకపోతే పొద్దున్నే కొట్టే మొదటి బిల్లు మాత్రం వేరే అక్షరాలతో వస్తుంది, మధ్యాహ్నం మీరు వెళ్లి చూసేసరికి అంతా బాగానే ఉంటుంది.

ప్రింటరు నెట్‌వర్క్ తీగతో ఉంటే నోడ్ నుంచి 9100 పోర్టుకు ఆ బైట్లు నేరుగా పంపవచ్చు. పొడవాటి బిల్లును ఒకే బొమ్మగా కాకుండా అడ్డంగా ముక్కలు చేసి పంపండి, చవక ప్రింటర్ల మెమరీ చాలా చిన్నది. యూఎస్‌బీ ప్రింటరైతే ఈ తిప్పలేవీ వద్దు. విండోస్ డ్రైవరు ద్వారా మామూలు వెబ్ పేజీలాగే ముద్రించండి, బొమ్మగా మార్చే పని డ్రైవరే చూసుకుంటుంది. ఎలక్ట్రాన్ ప్రింట్ ఫంక్షన్‌లో సైలెంట్ అని పెట్టి ప్రింటరు పేరు ఇస్తే మధ్యలో ఏ డైలాగ్ పెట్టె రాదు. కాగితం కొలత మైక్రాన్లలో ఇవ్వాలని గుర్తుంచుకోండి, 80 మిల్లీమీటర్లంటే 80,000. ఖరీఫ్ మొదట్లో కౌంటరు ముందు జనం బారులు తీరినప్పుడు ప్రతి బిల్లుకూ ఒక డైలాగ్ పెట్టె రావడమంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టేసినట్టే. టౌరీలో ఈ సౌకర్యం దానంతట అది రాదు, రస్ట్ వైపు నుంచి విడిగా ఏర్పాటు చేసుకోవాలి. నేను ఎలక్ట్రాన్ వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే.

కీబోర్డు గురించి వెబ్ చేసేవాళ్లం సాధారణంగా ఆలోచించం. బిల్లు కొట్టే మనిషి మౌసు ముట్టడు. ఎంటర్ కొడితే తరువాతి గడికి వెళ్లాలి, ఎస్కేప్ కొడితే వెనక్కి రావాలి. అతని వేళ్లు చాలావరకు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద అలవాటుపడ్డవి. టాలీలో కంట్రోల్ ఆర్ నొక్కితే కిందటి వోచరు వివరణ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఎలక్ట్రాన్‌లో అదే నొక్కితే పేజీ మొత్తం తిరిగి లోడవుతుంది, సగం కొట్టిన బిల్లు గాలిలో కలుస్తుంది. ఎలక్ట్రాన్ తనంతట తాను పెట్టే మెనూను తీసేస్తే ఆ షార్ట్‌కట్లూ పోతాయి. మెనూ సెట్ అప్లికేషన్ మెనూకు నల్ ఇస్తే చాలు. మొదటి రోజే చేయవలసిన పని ఇది.

దీనికంటే చిత్రమైనది బార్‌కోడ్ స్కానరుది. కంప్యూటర్ దృష్టిలో స్కానరు కూడా ఒక కీబోర్డే, చాలా వేగంగా టైపు చేసి చివర ఎంటర్ కొడుతుంది. రైతు పేరు రాయడానికి తెలుగు కీబోర్డుకు మారి, తిరిగి ఇంగ్లీషుకు రాకుండానే పొట్లాన్ని స్కాన్ చేశారనుకోండి. కోడ్‌లోని ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాలు పడతాయి, సరుకు దొరకలేదని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. స్కానరు పాడైందని నాకు ఫోన్లు వచ్చింది దీనికే. మందు వేరే చోట లేదు. కీ నొక్కినప్పుడు వచ్చే ఈవెంట్‌లో కీ అనే విలువను వదిలి కోడ్ అనే విలువను చదవండి. అది ఏ భాష ఎంచుకున్నా మారదు, కీబోర్డు మీద నొక్కిన చోటును మాత్రమే చెబుతుంది.

తెలుగు పేర్లలో వెతుకులాట కూడా ఒక పట్టాన లొంగదు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య కంటికి కనిపించని జోడీ విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది, యూనికోడ్‌లో 200సీ. ఒకరు దానితో టైపు చేస్తారు, ఇంకొకరు లేకుండా చేస్తారు. మెసేజి నుంచి పేరు కాపీ చేసి అతికిస్తే ఏది వస్తుందో చెప్పలేం. ఐత్వం కూడా ఒకే గుర్తుగానూ రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు. ప్రతి పేరునూ నార్మలైజ్ చేసి (ఒకే రూపానికి తెచ్చి), ఆ కనిపించని గుర్తును తీసేసి, వెతకడానికి విడిగా ఒక కాలమ్‌లో దాచుకోండి. చూపించేటప్పుడు అసలు పేరే చూపించండి. సీఎస్ఎస్‌లో లైన్ హైట్ కూడా ఇంగ్లీషుకు సరిపోయినంతే పెడితే బటన్ల మీద ఒత్తుల కిందిభాగం తెగిపోతుంది. 1.6 పెట్టండి.

లెక్కలు దాచడానికి ఫైలుగా ఉండే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్ చాలు. బ్రౌజర్ లోపలి లోకల్ స్టోరేజ్‌లో బిల్లులు పెట్టే ఆలోచనే వద్దు. నోడ్ వైపు బెటర్ ఎస్‌క్యూలైట్3 అనే మాడ్యూల్ బాగుంటుంది గాని అది సీ ప్లస్ ప్లస్‌లో రాసినది, మీ ఎలక్ట్రాన్ వెర్షన్‌కు తగినట్టు మళ్లీ కంపైల్ కావాలి. నోడ్ మాడ్యూల్ వెర్షన్ కలవలేదని ఎర్రగా ఒక పేరా వస్తే కంగారుపడకండి, ఎలక్ట్రాన్ రీబిల్డ్ నడిపితే సరిపోతుంది. డేటాబేస్ ఫైలు యూజర్ డేటా ఫోల్డరులో ఉండాలి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి మామూలు యూజర్‌కు అనుమతి ఉండదు. కరెంటు పోవడం గురించి: వాల్ (మార్పులను ముందు పక్క ఫైలులో రాసే) పద్ధతిలో సింక్రనస్ అనే సెట్టింగును నార్మల్ పెడితే ఫైలు పాడవదు గాని చివరి బిల్లు పోయే అవకాశం ఉంది. బిల్లింగ్‌లో చివరి బిల్లు అంటే ఇప్పుడే డబ్బు తీసుకున్న బిల్లు. ఫుల్ పెట్టండి, వేగంలో తేడా ఎవరికీ తెలియదు. బ్యాకప్ అంటే ఫైలు కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేయడం కాదు. వాల్ పద్ధతిలో కొత్త బిల్లులు కొన్ని పక్క ఫైలులో ఉంటాయి. వాక్యూమ్ ఇన్‌టూ అనే ఆదేశంతో తీసిన ప్రతిలో అన్నీ కలిసి వస్తాయి.

భద్రత విషయంలో పాత యూట్యూబ్ పాఠాలు నమ్మకండి. నోడ్ ఇంటిగ్రేషన్ ట్రూ అని పెట్టి పేజీలోనే ఫైళ్లు చదివేస్తుంటారు. ఎలక్ట్రాన్ 5 నుంచి అది మామూలుగా ఆపి ఉంటుంది, 12 నుంచి కాంటెక్స్ట్ ఐసోలేషన్, 20 నుంచి శాండ్‌బాక్స్, అంటే పేజీని మిగతా కంప్యూటర్‌కు దూరంగా ఉంచే కట్టుబాట్లు, వాటంతట అవే అమల్లో ఉంటాయి. వాటిని తీయకండి. పేజీకీ నోడ్‌కూ మధ్య ఉండే ప్రీలోడ్ ఫైలులో కాంటెక్స్ట్ బ్రిడ్జి ద్వారా బిల్లు దాచు, బిల్లు ముద్రించు లాంటి నాలుగైదు పనులే పేజీకి ఇవ్వండి. మామూలు వెబ్‌సైటులో ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ తప్పు ఆ పేజీ వరకే ఉంటుంది, ఇక్కడ తలుపులు తెరిచి పెడితే ఎవరో పంపిన ఎక్సెల్ ధరల పట్టికలోని ఒక గడి హార్డ్ డిస్కు వరకు వెళ్లగలదు.

డిజిటల్ సంతకం లేని ఇన్‌స్టాలర్ ఇస్తే విండోస్ స్మార్ట్‌స్క్రీన్ నీలం పెట్టెతో భయపెడుతుంది. ఒక దుకాణంలో యాంటీవైరస్ మా ఫైలును రాత్రికి రాత్రి తీసుకెళ్లి క్వారంటైన్‌లో పెట్టింది, పొద్దున్నే షట్టరు తీసేసరికి డెస్క్‌టాప్ మీద ఐకాన్ ఉంది, నొక్కితే ఏమీ లేదు. 2023 జూన్ నుంచి కోడ్ సైనింగ్ కీలను హార్డ్‌వేర్ టోకెన్‌లోనో అలాంటి రక్షిత పరికరంలోనో ఉంచాలన్న నియమం వచ్చింది, కాబట్టి సర్టిఫికెట్ ఖర్చును ధరలో ముందే కలుపుకోండి. ఒకటే దుకాణమైతే మీరే వెళ్లి మినహాయింపు పెట్టి రావచ్చు. అప్‌డేట్లకు ఎలక్ట్రాన్ అప్‌డేటర్ వాడితే మారిన భాగాలే దిగుతాయి, ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే దుకాణాలకు అది పెద్ద ఊరట.

ప్రింటరూ స్కానరూ లేని పనైతే, ఉదాహరణకు యజమాని ఇంటి నుంచి స్టాకు చూసుకోవడానికైతే, ఎలక్ట్రాన్ కూడా దండగే. బ్రౌజర్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకోగల వెబ్ యాప్ చేసి ఇవ్వండి. మ్యాక్ వెర్షన్ అడిగేవరకు దాని జోలికి పోకండి. ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు కట్టి నోటరైజ్ చేయించుకోవడం వేరే కథ.

కోడ్ మొదలుపెట్టే ముందు ఆ దుకాణంలో ఒక పూట కూర్చుని విండోస్ వెర్షన్, ప్రింటరు మోడల్, అది యూఎస్‌బీనా నెట్‌వర్కా, తెలుగు ఏ కీబోర్డుతో టైపు చేస్తున్నారు అన్నవి రాసుకోండి. ఆ వివరాలు ఇక్కడ పెడితే ముద్రణకు పైన చెప్పిన రెండు దారుల్లో ఏది పట్టాలో చెబుతాను, 576 చుక్కల కాన్వాస్ కోడ్ ముక్క కూడా ఇస్తాను.